ఫిజియో పర్యవేక్షణలో వ్యాయామం క్లాసులు: హైదరాబాద్‌లో చేరేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

షుగరు, బీపీ, బైపాస్, మోకాలి మార్పిడి, నడుం నొప్పి, తెగిన లిగమెంట్. కారణం ఏదైనా కానీ, ఫిజియోథెరపిస్టు దగ్గరుండి చేయించే వ్యాయామం క్లాసులో చేరమని డాక్టరు చెప్పగానే వచ్చే సందేహాలు దాదాపు ఒకటే. పేషెంట్లూ ఇంట్లోవాళ్లూ పదే పదే అడిగేవాటిని దశలవారీగా ఇక్కడ పెట్టాం. ప్రతి జవాబూ దానికదే పూర్తి కాబట్టి మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఎక్సర్‌సైజుల లిస్టు యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతుంది. క్లాసుకి డబ్బు కట్టేది, ఈరోజు మీ ఒంటికి ఎంత తగునో చూసి దాన్ని పెంచే, తగ్గించే మనిషి కోసం. ఆ మనిషి కళ్లు మీ మీద లేకపోతే క్లాసు ఎంత అందంగా ఉన్నా ఉపయోగం లేదు.

## చేరకముందు

జిమ్ముకీ దీనికీ తేడా ఏంటి? అక్కడా ట్రైనర్ ఉంటాడు కదా?

జిమ్ ట్రైనర్ మీ ఒళ్లు చూసి చెప్తాడు, రిపోర్టులు చూడడు. ఇక్కడ ముందు చూసేది రిపోర్టులే. ఎకోలో గుండె పంపింగ్ ఎంతుంది, ఏ మాత్రలు వాడుతున్నారు, ఆపరేషన్‌లో ఏం చేశారు అన్నది తెలిశాకే ఎంత బరువు, ఎన్నిసార్లు, మధ్యలో ఎంత విరామం అన్నది రాస్తారు. పక్కపక్క సైకిళ్ల మీద కూర్చున్న ఇద్దరికి లోడు వేరుగా ఉంటుంది. ఒకరికి బీపీ ఎక్కువున్న రోజు ఆ రోజుకి బరువులు తీసేస్తారు. పదిమందిని వరుసగా నిలబెట్టి అందరిచేతా ఒకటే చేయిస్తున్న చోటికి ఏ పేరు పెట్టినా దాన్ని పర్యవేక్షణ అనలేం.

డాక్టరు చీటీ లేకుండా చేరొచ్చా?

నడుం పట్టేయడం, మోకాళ్ల అరుగుదల లాంటివాటికి నేరుగా ఫిజియోకి చూపించుకోవచ్చు. గుండె జబ్బు, స్టెంట్, పక్షవాతం, ఊపిరితిత్తుల జబ్బు, ఈమధ్య అయిన ఆపరేషన్ ఉంటే మాత్రం చీటీ తప్పనిసరి. అందులో ‘ఫిజియోథెరపీ అవసరం’ అని ఒక్క ముక్క రాస్తే చాలదు. కాలి మీద పూర్తి బరువు వేయొచ్చా, ఏ కదలిక వద్దు, ఎన్ని వారాల వరకు వద్దు, గుండె వేగం ఎంత దాటకూడదు అన్నవి రాయించుకోండి. ఓపీలో డాక్టరుకి తీరిక ఉండదు. ఈ ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకుని వెళ్తే రెండు నిమిషాల్లో పనవుతుంది.

సెంటర్ మంచిదో కాదో బయటినుంచి ఎలా తెలుస్తుంది?

నేర్పేవాళ్లు ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీ గానీ, పీజీ ఎంపీటీ గానీ చదివారా అని అడగండి. అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఒక ఫిజియో కింద ఒకేసారి ఎంతమంది చేస్తారో చూడండి. మోకాళ్లు, నడుం బాపతు అయితే ఆరేడుగురి వరకు ఫర్వాలేదు, గుండె జబ్బు వాళ్లయితే ఐదుగురు దాటకూడదు. బీపీ మిషన్, పల్స్ ఆక్సీమీటర్, గ్లూకోమీటర్ చేతికందే దూరంలో ఉండాలి. గుండె పేషెంట్లు వచ్చే చోట ఆక్సిజన్ సిలిండర్, షాక్ ఇచ్చే ఏఈడీ కూడా ఉండాలి.

రెండు చోట్ల జాగ్రత్తపడండి. ఒకటి, పరీక్ష చేయకుండానే 30 సిట్టింగుల ప్యాకేజీ అంటగట్టేచోట. రెండోది, అరగంట కరెంటు మిషను, వేడి మిషను పెట్టి ఇంటికి పంపేచోట. ఆ మిషన్లు కాసేపు ఉపశమనం ఇస్తాయి తప్ప కండకి బలం ఇవ్వవు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో దొరుకుతుందా?

పంజాగుట్ట నిమ్స్‌లో, గాంధీలో, ఉస్మానియాలో ఫిజియోథెరపీ విభాగాలు ఉన్నాయి. ముందు ఆర్థో, న్యూరో, కార్డియాలజీ ఓపీల్లో ఏదో ఒకదాంట్లో చూపించుకుని అక్కడినుంచి రాయించుకుని వెళ్లాలి. రద్దీ ఎక్కువ, వారానికి మూడుసార్లు గంటసేపు దగ్గరుండి చేయించే వీలు అన్నివేళలా ఉండదు. అందుకే వెళ్లినప్పుడు ఇంట్లోంచి ఒకర్ని వెంట తీసుకెళ్లి, చూపించిన ప్రతిదాన్నీ వాళ్ల అనుమతితో ఫోన్లో వీడియో తీసుకోండి. ఎన్నిసార్లు, రోజుకి ఎన్ని విడతలు అన్నది చీటీ వెనక రాయించుకోండి.

ఇన్సూరెన్స్ వస్తుందా?

చాలా పాలసీలు ఓపీ ఫిజియోథెరపీకి విడిగా డబ్బు ఇవ్వవు. అయితే ఆసుపత్రిలో చేరి డిశ్చార్జ్ అయ్యాక కొన్నాళ్ల ఖర్చులు పాలసీలో కలిసి ఉంటాయి. ఆ గడువు పాలసీని బట్టి 60 రోజులో, 90 రోజులో ఉంటుంది. ఆ లోపల అదే జబ్బుకి డాక్టరు రాసిచ్చిన ఫిజియో బిల్లు పెట్టుకోవచ్చు. తేదీలవారీగా బిల్లు, ఫిజియో సంతకం, ముద్ర ఉండేలా చూసుకోండి. ‘ప్యాకేజీ’ అని మొత్తానికి ఒకే రసీదు ఇస్తే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు.

ఇంటికొచ్చే ఫిజియో మేలా, క్లాసుకి వెళ్లడం మేలా?

మోకాలి మార్పిడి అయిన మొదటి రెండు మూడు వారాలు, పక్షవాతం వచ్చి ఇంకా నిలబడలేని రోజులు ఇంటి ఫిజియోకే వదిలేయండి. మెట్లు దిగి ఆటో ఎక్కగలిగిన దగ్గర్నుంచి క్లాసు మేలు. అక్కడ సైకిలు, రెండు పక్కలా పట్టుకుని నడిచే పారలల్ బార్లు, రకరకాల ఎత్తుల మెట్లు ఉంటాయి. ఇంట్లో మంచం మీద చేసేవాటితో ఒక దశ తర్వాత బలం పెరగడం ఆగిపోతుంది.

సెంటర్ ఎంచుకునేటప్పుడు పేరు కన్నా దూరం చూడండి. సాయంత్రం అమీర్‌పేట నుంచి గచ్చిబౌలి వైపు కారులో మోకాలు మడిచి గంటసేపు కూర్చుంటే, దిగేసరికి వాపు వచ్చి క్లాసు సగం వృథా అవుతుంది. మెట్రో స్టేషన్లలో లిఫ్టు ఉంటుంది, స్టేషన్ నుంచి సెంటర్ దాకా ఫుట్‌పాత్ ఎలా ఉందో ముందు ఒకరు వెళ్లి చూసి రావాలి.

## మొదటి రోజు

ఏం తీసుకురావాలి, ఏం వేసుకోవాలి?

డిశ్చార్జ్ సమ్మరీ, చివరిసారి చేయించిన రక్తపరీక్షలు, ఎకో లేదా ఎమ్మారై రిపోర్టు తీసుకురండి. మాత్రల పేర్లు గుర్తుపెట్టుకుని చెప్పే బదులు స్ట్రిప్పులే సంచిలో వేసుకురండి. షుగరు ఉంటే గ్లూకోమీటర్, గ్లూకోజ్ పొడి ఉండాలి.

లేసులున్న బూట్లు, కాటన్ సాక్సులు వేసుకోండి. చెప్పులతో ట్రెడ్‌మిల్ ఎక్కనివ్వరు. చీర అలవాటున్న అమ్మలు వదులు పంజాబీ డ్రెస్సు గానీ నైట్ ప్యాంటు, పొడుగు కుర్తా గానీ వేసుకుంటే సైకిల్ తొక్కడానికీ, పడుకుని కాలు లేపడానికీ ఇబ్బంది ఉండదు. మోకాలి పేషెంట్లకి మోకాలు పైదాకా మడవగలిగే ప్యాంటు కావాలి, వాపు చూడాలి కదా. అరికాళ్లలో స్పర్శ తగ్గిన షుగరు పేషెంట్లు వేసుకునే ముందు బూటు తిరగేసి దులపాలి, లోపల చెయ్యి పెట్టి తడమాలి. చిన్న రాయి ఉన్నా తెలియక గంటసేపు నడిస్తే పుండు పడుతుంది.

మొదటి రోజంతా పరీక్షలే చేశారు, వ్యాయామం ఏమీ చేయించలేదు. ఎందుకలా?

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియాలంటే ఆ కొలతలే ఆధారం. ఆరు నిమిషాల నడక పరీక్షలో 30 మీటర్ల వరండాలో అటూ ఇటూ నడిపించి ఎన్ని మీటర్లు వచ్చిందో రాస్తారు, ముందూ వెనకా పల్స్, ఆక్సిజన్ చూస్తారు. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెడతారు, తొడ బలం అందులో తెలుస్తుంది. కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి వెనక్కొచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే జారిపడే ప్రమాదం ఉన్నట్టు. మోకాలు, భుజం అయితే గోనియోమీటర్‌తో ఎన్ని డిగ్రీలు కదులుతుందో కొలుస్తారు. ఈ అంకెల కాపీ మీ దగ్గర ఉంచుకోండి. నెల తర్వాత ‘కాస్త బాగుందండీ’ అనే మాట కన్నా ఇవే గట్టి సాక్ష్యం.

తిని రావాలా, ఖాళీ కడుపుతో రావాలా? పొద్దుటి మాత్రలు వేసుకోవాలా?

భోజనమైతే గంటన్నర, రెండు గంటల ముందు తినాలి. ఉదయం ఆరున్నర క్లాసుకి అంత టైము ఉండదు కాబట్టి ఒక అరటిపండో, రెండు ఇడ్లీలో తిని అరగంట ఆగి రండి. బీపీ, గుండె మాత్రలు మామూలు వేళకే వేసుకోవాలి. క్లాసు ఉందని మానేయకూడదు, అలా మానేసిన రోజు బీపీ ఎక్కువుండి వెనక్కి పంపాల్సి వస్తుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఆ పూట తొడకి బదులు పొట్టకి పొడుచుకోండి. కదిలే కండ దగ్గర పొడిస్తే అది త్వరగా రక్తంలో కలిసి షుగరు ఒక్కసారిగా దిగిపోతుంది.

## క్లాసులో

గంటసేపు ఏం చేయిస్తారు?

పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించడం, 20 నుంచి 30 నిమిషాలు నడక లేదా సైకిలు, 15 నుంచి 20 నిమిషాలు బలం పెంచేవి, చివర పది నిమిషాలు నెమ్మదిగా తగ్గించడం. బలం కోసం వాడే రబ్బరు బ్యాండ్లకి రంగుల వరుస ఉంటుంది. ఎక్కువగా వాడే కంపెనీ బ్యాండ్లలో పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు క్రమంలో గట్టిదనం పెరుగుతుంది. చెప్పిన సంఖ్య మీద ఇంకో రెండు అదనంగా చేయగలగడం వరసగా రెండు క్లాసుల్లో జరిగితే అప్పుడు గట్టిదనం పెంచుతారు.

ట్రాఫిక్ పెరిగేలోపు ఇల్లు చేరాలని చివరి పది నిమిషాలు ఎగ్గొట్టేవాళ్లు చాలామంది. నడక టక్కున ఆపితే రక్తం కాళ్లలోనే నిలిచిపోయి బీపీ పడుతుంది, బీపీ మాత్రలు వాడేవాళ్లకి మరీనూ. కళ్లు తిరిగి పడిపోయేది ఎక్కువగా అప్పుడే.

ఎంత ఆయాసం వరకు ఫర్వాలేదు? వాచీలో పల్స్ చూసుకుంటే సరిపోతుందా?

మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు వాడేవాళ్లకి వాచీ లెక్క పనికిరాదు. ఆ మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు. పల్స్ 95 దగ్గరే ఉందని వేగం పెంచుకుంటూ పోతే ఒళ్లు మాత్రం అప్పటికే అలిసిపోయి ఉంటుంది. గుండె వేగం గరిష్ఠంగా ఎంత ఉండొచ్చో తెలుసుకోవడానికి వయసుని 220లోంచి తీసేసే సూత్రం కూడా వీళ్లకి వర్తించదు.

అందుకే క్లాసులో గోడ మీద, ఎంత శ్రమగా ఉందో మీరే అంకెలో చెప్పే బోర్గ్ స్కేల్ ఉంటుంది. 6 నుంచి 20 దాకా అంకెలు, 6 అంటే శ్రమే లేదు, 20 అంటే ఇక ఒక్క అడుగూ వేయలేను. చాలామందికి 11 నుంచి 13 మధ్య ఉండమంటారు. అంకెలు నచ్చకపోతే మాటలతో చూసుకోండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. రెండు మూడు మాటలకోసారి గాలి పీల్చుకోవాల్సి వస్తుంటే ఎక్కువైనట్టే. పక్కవాళ్ల ముందు తగ్గినట్టు కనపడకూడదని ‘ఏం లేదు, బాగానే ఉంది’ అని చెప్పకండి, మీరు చెప్పే అంకెను బట్టే లోడు మారుస్తారు.

నొప్పి వస్తే ఓర్చుకోవాలా, ఆపేయాలా?

నొప్పికి 0 నుంచి 10 వరకు మార్కులు వేయండి. మోకాళ్ల అరుగుదలకి చేసే వ్యాయామంలో 5 దాకా రావచ్చు, కానీ 24 గంటల్లో మళ్లీ మామూలు స్థితికి రావాలి. మర్నాడు పొద్దున మోకాలు వాచినా, ముందురోజు కన్నా ఎక్కువ కుంటుతున్నా మోతాదు ఎక్కువైంది. అప్పుడు మొత్తం మానేయకుండా బరువో, సంఖ్యో తగ్గిస్తారు. కొత్తలో తొడలు, పిక్కలు ఒకటి నుంచి మూడు రోజులు పట్టేసినట్టుంటాయి, అది కండ నొప్పి, దానంతటదే పోతుంది.

పొడిచినట్టు రావడం, కీలు ఇరుక్కుపోవడం, కరెంటు షాకులా కాలిలోకి దిగడం మాత్రం ఓర్చుకోవాల్సిన నొప్పులు కావు. వెంటనే చెప్పాలి.

ఏ లక్షణం కనిపిస్తే ఉన్నపళంగా ఆపాలి?

ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమటలు, కళ్లు తిరగడం, గుండె దడదడలాడడం, మాట తడబడటం, మూతి ఒక పక్కకి పోవడం. ఆపి కూర్చోబెట్టాలి. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ మాత్ర డాక్టరు ముందే రాసి ఉంటే అది పెట్టుకోవాలి, అయితే సిల్డెనాఫిల్ (వయాగ్రా) మాత్ర వేసుకుని 24 గంటలు కాకపోతే వద్దు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. మాట, మూతిలో తేడా వస్తే ఆ ఐదు నిమిషాలు కూడా ఆగకూడదు. సొంత కారులో వెళ్దామని ఆగొద్దు, 2005లో హైదరాబాద్‌లోనే మొదలైన ఆ సర్వీసులో దారిలోనే చూసుకునే మనిషి ఉంటాడు.

## జబ్బును బట్టి

షుగరు ఎంత ఉంటే చేయొచ్చు, ఎంత ఉంటే వద్దు?

ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్రలు గానీ వాడేవాళ్లకి మొదలుపెట్టేముందు 100 లోపు ఉంటే ఏదైనా కాస్త తిని మొదలుపెట్టాలి. 250 పైన ఉండి ఒంట్లో బాగోలేకపోయినా, మూత్రంలో కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒళ్లు కొవ్వు కరిగించుకుంటే వచ్చేవి) కనిపించినా ఆ రోజు క్లాసు లేదు. మధ్యలో చేతులు వణికి, చెమట పట్టి, చిరాకుగా అనిపిస్తే వేలు గుచ్చి చూడండి. 70 లోపు ఉంటే మూడు చెంచాల గ్లూకోజ్ గానీ పంచదార గానీ నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. చాక్లెట్, క్రీమ్ బిస్కెట్ అప్పుడు పనికిరావు, వాటిలోని కొవ్వు వల్ల షుగరు ఎక్కడానికి ఆలస్యమవుతుంది.

సాయంత్రం క్లాసు చేసినవాళ్లకి అర్ధరాత్రి షుగరు పడిపోవచ్చు, వ్యాయామం ప్రభావం 24 గంటల దాకా ఉంటుంది. మొదటి రెండు వారాలు పడుకునే ముందు ఒకసారి చూసుకోండి. కంటిపొరలో రక్తనాళాల సమస్య ఉన్నవాళ్లు తల కిందికి వంచేవి, ఊపిరి బిగబట్టి బరువులెత్తేవి చేయకూడదు.

బీపీ ఉంది, బరువులు ఎత్తొచ్చా?

ఎత్తొచ్చు, తేలికవి, ఎక్కువసార్లు. ఎత్తేటప్పుడు ఊపిరి బయటికి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. ఊపిరి బిగబడితే ఆ కొన్ని సెకన్లలోనే బీపీ చాలా పైకి పోతుంది. కూర్చుని ఐదు నిమిషాలయ్యాక చూసినా 180/110, ఆ పైన ఉంటే ఆ రోజు ఇంటికి పంపేస్తారు. అది మీ మంచికే.

నాన్నగారికి బైపాస్ అయి నెలన్నర అయింది. ఇంత త్వరగా పంపొచ్చా?

సర్జన్ చూసి సరే అంటే పంపొచ్చు, ఈ సమయానికే పంపాలి కూడా. ఛాతీ ఎముక అతుక్కోవడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. అప్పటిదాకా నాలుగైదు కిలోలకి మించి ఎత్తకూడదు. ఇంట్లో జరిగే పొరపాటు ఇక్కడే. నాన్నగారు బాగానే తిరుగుతున్నారు కదా అని 20 లీటర్ల నీళ్ల క్యాన్ డిస్పెన్సర్ మీద పెట్టనిస్తారు, గ్యాస్ సిలిండర్ జరపనిస్తారు. మంచం మీంచి లేచేటప్పుడు రెండు చేతులతో నొక్కి లేవకుండా, పక్కకి తిరిగి కాళ్లు కిందికి దించి లేవాలి. దగ్గు వస్తే దిండు ఛాతీకి హత్తుకోవాలి. కదిలినప్పుడు ఎముకలో టక్కుమని చప్పుడైతే, కుట్ల దగ్గర చీము కనిపిస్తే క్లాసు ఆపి సర్జన్‌కి చూపించాలి.

మోకాలు మార్చారు. 90 డిగ్రీలు వంగట్లేదని భయంగా ఉంది.

వంగడం గురించి అందరూ కంగారుపడతారు, నిటారుగా చాపడం గురించి ఎవరూ అడగరు. నడక సరిగ్గా రావాలంటే మోకాలు పూర్తిగా చాపుకోవాలి. నొప్పి తగ్గుతుందని మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకుంటే అది కొంచెం వంగిన స్థితిలోనే బిగుసుకుపోతుంది. చుట్టిన టవల్ మడమ కింద పెట్టి, మోకాలి వెనకభాగాన్ని మంచానికి ఆనించేలా ఐదు సెకన్లు నొక్కండి, పదేసిసార్లు, రోజుకి మూడు నాలుగు విడతలు.

వంగడం మొదటి రెండు వారాలకి దాదాపు 90, మూడు నెలలకి 110 నుంచి 120 రావాలని చూస్తారు. ఆరు వారాలైనా 90 దాటకపోతే సర్జన్‌ని కలవాలి. ఒకవైపు పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే నూనె రాసి మర్దన చేయొద్దు. రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, మర్దనతో గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి.

మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందన్నారు. వ్యాయామం చేస్తే ఇంకా అరగదా?

అరగదు. కీలు మీద బరువు పడి, తగ్గి, మళ్లీ పడుతుంటేనే కార్టిలేజ్‌కి, అంటే మీరు గుజ్జు అనేదానికి, పోషణ అందుతుంది. తొడ ముందుకండ బలహీనమైతే ప్రతి అడుగు దెబ్బా నేరుగా కీలు మీదే పడుతుంది. కుర్చీ మీద రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచి లేచి కూర్చోవడంతో మొదలుపెట్టి, వారాలు గడిచేకొద్దీ ఒక్కో దిండూ తీసేస్తారు.

డిస్కు జారింది. బెడ్ రెస్ట్ కాకుండా వ్యాయామమా?

రెండు మూడు రోజులకి మించి మంచం పట్టకూడదు. కాలిలోకి లాగే నొప్పి చాలామందిలో 6 నుంచి 12 వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. వ్యాయామంతో పాదం దాకా ఉన్న నొప్పి పిక్కకి, తొడకి, చివరికి నడుములోకే వస్తే అది మంచి గుర్తు, ఆ సమయంలో నడుంలో నొప్పి కాస్త పెరిగినా భయపడొద్దు. నొప్పి కిందికి దిగుతుంటే ఆ కదలిక మార్చాలి.

మూత్రం, మలం మీద పట్టు తప్పడం, కూర్చున్నప్పుడు కుర్చీకి ఆనే భాగం మొద్దుబారడం, పాదం ఎత్తలేక ఈడ్చడం వస్తే క్లాసు కోసం చూడకుండా గంటల్లో న్యూరో సర్జన్ దగ్గరికి చేర్చాలి.

కాస్త నడిస్తే పిక్కలు పట్టేస్తాయి, నిలబడితే తగ్గుతుంది. ఇది కూడా నరాల సమస్యేనా?

ప్రతిసారీ దాదాపు అదే దూరంలో మొదలై, నిలబడిన కొద్ది నిమిషాల్లో పోతే కాలి రక్తనాళాలు సన్నబడ్డాయేమో చూపించుకోవాలి. పొగతాగేవాళ్లలో, షుగరు వాళ్లలో ఎక్కువ. దీనికి దగ్గరుండి చేయించే నడక చాలా బాగా పనిచేస్తుంది. నొప్పి గట్టిగా వచ్చేదాకా నడవాలి, పూర్తిగా తగ్గేదాకా ఆగాలి, మళ్లీ నడవాలి. ఇలా 30 నుంచి 45 నిమిషాలు, వారానికి మూడు రోజులు, కనీసం 12 వారాలు. నొప్పి మొదలవగానే కూర్చుంటే లాభం రాదు, అందుకే పక్కన ఒకరు ఉండి నడిపించాలి. కదలకుండా ఉన్నప్పుడూ, రాత్రిపూటా పాదం నొప్పి పెడుతున్నా, వేళ్లు నల్లబడుతున్నా నడక ఆపి వాస్క్యులర్ సర్జన్‌ని కలవండి.

అత్తమ్మకి పక్షవాతం వచ్చింది. ఇంట్లో లేపేటప్పుడు ఎలా పట్టుకోవాలి?

చచ్చుబడిన చేతిని పట్టుకుని ఎప్పుడూ లాగొద్దు. భుజం చుట్టూ కండలు వదులైపోయి కీలు కిందికి జారి ఉంటుంది, లాగితే నెలల తరబడి పోని నొప్పి మొదలవుతుంది. నడుముకి బెల్టు కట్టి అక్కడ పట్టుకోండి. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు బలహీనమైన కాలు. మొదటి మూడు నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది తప్ప ఆగిపోదు.

భుజం బిగుసుకుపోయింది. గట్టిగా లాగి సాగదీస్తే త్వరగా వస్తుందా?

నొప్పి ఎక్కువగా ఉండే మొదటి దశలో లాగితే ఇంకా బిగుస్తుంది. షుగరు ఉన్నవాళ్లకి ఇది ఎక్కువగా వస్తుంది, పూర్తిగా వదలడానికి ఏడాది నుంచి మూడేళ్లు కూడా పట్టొచ్చు. పది నిమిషాలు వేడి కాపడం పెట్టి, నొప్పి మొదలయ్యేచోట ఆగుతూ చేయాలి.

మోకాలి లోపలి లిగమెంట్‌కి (ఏసీఎల్) సర్జరీ అయింది. బాక్స్ క్రికెట్ ఎప్పుడు ఆడొచ్చు?

తొమ్మిది నెలల కన్నా ముందు వద్దు. తొమ్మిది నిండినా, ఆపరేషన్ అయిన కాలి బలం రెండో కాలితో పోలిస్తే 90 శాతానికి రావాలి, ఒంటికాలి గెంతు పరీక్షలూ దాటాలి. నాలుగో నెలలో నొప్పి పోతుంది, పరిగెత్తగలుగుతారు, అందుకే ఆ సమయంలోనే క్లాసు మానేస్తారు. బాక్స్ క్రికెట్‌లో చిన్న స్థలంలో టర్ఫ్ మీద టక్కున ఆగి తిరగాలి. లిగమెంట్ తెగేది సరిగ్గా అలాంటి కదలికలోనే.

ఎముకలు గుల్లబారాయన్నారు. యోగా చేయొచ్చా?

చేయొచ్చు, కానీ నడుం నుంచి ముందుకి బాగా వంగేవి వద్దు. పాదహస్తాసనం, పశ్చిమోత్తానాసనం, సూర్యనమస్కారాల్లో వంగే భాగం బలహీనమైన వెన్నుపూసల మీద ఒత్తిడి పెట్టి వాటిని అణిచేయగలవు. నిటారుగా ఉండి చేసేవి, ఒంటికాలి మీద కుర్చీ పట్టుకుని నిలబడేవి మంచివి.

## మధ్యలో ఆటంకాలు

పెళ్లికి ఊరెళ్లి రెండు వారాలు మానేశాం. మళ్లీ మొదటినుంచా?

వారం మానేస్తే ఆగిన చోటునుంచే, కాస్త తగ్గించి. రెండు మూడు వారాలైతే బరువు, సమయం సగం చేసి మొదలుపెట్టి ఒకటి రెండు వారాల్లో పాత స్థాయికి తెస్తారు. పోయినదంతా ఒక్కరోజులో తెచ్చుకోవాలని చేసేవాళ్లకే మళ్లీ దెబ్బ తగులుతుంది.

ఏప్రిల్, మే ఎండల్లో ఎలా?

ఉదయం ఎనిమిది లోపు, లేదా సాయంత్రం ఆరున్నర తర్వాతి బ్యాచ్ అడగండి. ఒంట్లో నీరు మూత్రంలో పోయేలా చేసే నీటి మాత్రలు వాడేవాళ్లకి చెమటతో బీపీ పడిపోయే ప్రమాదం ఎక్కువ, వేసవికి మోతాదు మార్చాలా అని డాక్టర్ని కనుక్కోండి. గుండె బలహీనంగా ఉండి నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు ఎండ పేరుతో ఉప్పు మజ్జిగ, ఓఆర్‌ఎస్ తాగకూడదు.

రంజాన్ రోజాలో, కార్తీక సోమవారం ఉపవాసంలో రావొచ్చా?

ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వాడేవాళ్లు ఉపవాసంలో ఉండగా రావొద్దు, ఇఫ్తార్‌కి ముందు గంటల్లో అసలే వద్దు. తిన్నాక గంటన్నర, రెండు గంటలకి రావొచ్చు. మిగతావాళ్లు తేలిక నడక, బ్యాలెన్స్ ఎక్సర్‌సైజులు చేసుకోవచ్చు.

జ్వరం తగ్గింది. రేపట్నుంచి రావొచ్చా?

జ్వరం పూర్తిగా పోయి, ఆకలి, నిద్ర మామూలయ్యాక రండి. డెంగీ అయితే ప్లేట్‌లెట్లు మామూలుకి వచ్చినట్టు రిపోర్టు చూపించాలి, అవి తక్కువగా ఉండగా జారిపడితే రక్తస్రావం అవుతుంది.

నెల అయింది, తేడా కనపడట్లేదు. మానేయమంటారా?

బరువు తూచుకుని నిరాశపడకండి. మొదటి నాలుగు వారాల్లో పెరిగేది కండ సైజు కన్నా కండని నరాలు వాడుకునే తీరు. కండ పెరగడం ఆరు నుంచి ఎనిమిది వారాలకి తెలుస్తుంది. హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చూపేది మూడు నెలల షుగరు సగటు కాబట్టి నెలకే చేయిస్తే అసలు సంగతి తెలియదు. మొదటి రోజు అంకెలు తీసి, కుర్చీ పరీక్ష, ఆరు నిమిషాల నడక మళ్లీ చేయించమని అడగండి. ఎనిమిది వారాలకీ అవి కదలకపోతే మోతాదు తక్కువగా ఉందని అర్థం, ఫిజియోని నిలదీసి మార్పించుకోవడం మీ హక్కు.

## క్లాసులు ముగిసే వేళ

ఎన్నాళ్లు రావాలి?

మామూలుగా 8 నుంచి 12 వారాలు, వారానికి రెండు మూడుసార్లు. చివరి నెలలో వారానికి ఒకటికి తగ్గించి, మిగతావి ఇంట్లో చేయించాలి. ఏడాదిపాటు రమ్మనే చోట ఎందుకో అడగండి. మీ అంతట మీరు చేసుకోగలిగేలా తయారుచేయడం మంచి క్లాసు బాధ్యత.

ఇంట్లో ఏమేం కొనుక్కోవాలి?

రెండు రంగుల బ్యాండ్లు, చీలమండకి కట్టుకునే కిలో బరువు వెయిట్ కఫ్‌లు ఒక జత, చేతులు లేని గట్టి కుర్చీ చాలు. కుర్చీ గోడకి ఆనించి పెట్టాలి, గ్రానైట్ నేల మీద జారుతుంది. ట్రెడ్‌మిల్ కొనే ముందు ఆరు నెలలు అపార్టుమెంటు చుట్టూ నడిచి చూడండి.

పార్కులో నడిస్తే సరిపోదా?

నడక గుండెకీ షుగరుకీ సరిపోతుంది, చేతులకీ తొడలకీ బలం ఇవ్వదు. వారానికి 150 నిమిషాల నడకతోపాటు రెండు రోజులు బలం పెంచేవి, 65 దాటితే మూడు రోజులు బ్యాలెన్స్ పెంచేవి ఉండాలి. కేబీఆర్ పార్కు అయినా ఇందిరా పార్కు అయినా, మోకాలి, చీలమండ పేషెంట్లు మొదటి నెలలు ఎగుడుదిగుళ్లు లేని బాట మీదే, వెలుతురు ఉండగానే నడవాలి.

మళ్లీ ఎప్పుడు రావాలి?

మూడు నెలలకోసారి ఇంట్లోనే కుర్చీ పరీక్ష చేసుకోండి. అదే కుర్చీ, అవే 30 సెకన్లు, పక్కన ఒకరు నిలబడి లెక్కపెట్టాలి. క్లాసు ముగిసిననాటి కన్నా మూడు, అంతకన్నా ఎక్కువ తగ్గితే, ఒక్కసారైనా జారిపడితే, కొత్తగా ఏదైనా ఆపరేషన్ జరిగినా గుండె మందు మారినా అపాయింట్‌మెంట్ తీసుకోండి. పాత ఫైలు మాత్రం మర్చిపోకుండా తీసుకురండి.